పాత పికప్‌లో ఏ రెగ్యులేటర్ ఎక్కడుంటుంది, మార్చే ముందు ఎలా చెక్ చేయాలి

మీరు చెప్పింది ఇదీ: లైట్లు వేస్తే వోల్ట్ మీటర్ ముల్లు కిందికి జారుతోంది, ఐడిలింగ్‌లో హెడ్‌లైట్లు మినుకుమినుకుమంటున్నాయి, వేడి మీద ఆపిన బండి మళ్లీ స్టార్ట్ కావాలంటే చాలాసేపు సెల్ఫ్ కొట్టాల్సి వస్తోంది, పెట్రోల్ వాసన కూడా ఉంది. మెకానిక్ చూసి "రెగ్యులేటర్ పోయింది" అన్నాడు. ఏ రెగ్యులేటర్ అని మీరు అడగలేదు, ఆయన చెప్పలేదు. బండి ఏ కంపెనీదో, ఏ సంవత్సరానిదో మీరు రాయలేదు కాబట్టి ఫోర్డ్, షెవర్లే, డాడ్జ్ మూడింటి సంగతీ చెప్తాను, మధ్యలో టయోటా గురించి కూడా ఒక ముక్క. మీ బండికి సంబంధం లేనిది దాటేయండి.

ముందు ఒక మాట. పాత పికప్‌లో రెగ్యులేటర్ అనే పేరుతో మూడు వేర్వేరు వస్తువులు ఉండొచ్చు. ఒకటి ఆల్టర్నేటర్ (ఇంజిన్ బెల్టుతో తిరిగి కరెంటు పుట్టించేది) వోల్టేజిని అదుపు చేసేది, చాలామంది మెకానిక్‌లు దీన్ని కటౌట్ అని కూడా అంటారు. రెండోది పెట్రోల్ ప్రెషర్‌ని అదుపు చేసేది. మూడోది డ్యాష్‌బోర్డు వెనక దాక్కుని ఫ్యూయల్ గేజ్, టెంపరేచర్ గేజ్‌లకి మాత్రమే కరెంటు సరిచేసి ఇచ్చే చిన్న డబ్బా. మీ లక్షణాల్లో మొదటి రెండూ కలిసి కనిపిస్తున్నాయి. అలాంటప్పుడు ఎప్పుడూ కరెంటు వైపు నుంచే మొదలుపెట్టాలి. ఎందుకంటే ఇంజెక్షన్ బండిలో (కార్బ్యురేటర్ లేనిది) పెట్రోల్ పంపు కరెంటుతో తిరిగేదే, దానికి వోల్టేజి తగ్గితే అది నెమ్మదిస్తుంది, ప్రెషర్ పడిపోతుంది, అప్పుడు మీరు గేజ్ పెట్టి చూసి ఏ తప్పూ చేయని ఫ్యూయల్ రెగ్యులేటర్‌ని పీకి పారేస్తారు.

మల్టీమీటర్ తీసుకోండి, మంచిది అక్కర్లేదు, డిజిటల్ అయితే చాలు. రాత్రంతా ఆపి ఉంచిన బండిలో బ్యాటరీ రెండు పోల్స్ మధ్య (క్లాంపుల మీద కాదు, సీసపు పోల్ మీదే) 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12.4 కంటే తక్కువైతే ముందు చార్జ్ పెట్టించండి. అరకొర బ్యాటరీతో చేసిన పరీక్షలన్నీ అబద్ధాలే చెప్తాయి. ఇంజిన్ స్టార్ట్ చేసి 1500 నుంచి 2000 ఆర్‌పీఎం మధ్య పట్టి ఉంచి, లైట్లు, బ్లోయర్ అన్నీ ఆపేసి చూస్తే 13.8 నుంచి 14.6 దాకా రావాలి. చలిలో కాస్త ఎక్కువ, ఇంజిన్ బాగా వేడెక్కాక కాస్త తక్కువ కనిపిస్తుంది, అది తప్పు కాదు, రెగ్యులేటర్లని అలాగే తయారు చేస్తారు. ఇప్పుడు అన్నీ ఆన్ చేయండి. 13.3 పైన నిలబడితే మీ చార్జింగ్ గురించి టెన్షన్ అక్కర్లేదు. 12.6 కంటే కిందికి జారితే చార్జింగ్ లేదన్నమాట. 15 దాటి పోతూ ఉంటే ఓవర్‌చార్జింగ్, బ్యాటరీ మూతల దగ్గర తడి, ఆమ్లం వాసన ఉంటాయి చూడండి.

ఇంకొక్కటి, మీటర్‌ని ఏసీ వోల్టుల మీదకి తిప్పి ఇంజిన్ నడుస్తుండగా అదే బ్యాటరీ మీద పెట్టండి. అర వోల్టు దాటితే ఆల్టర్నేటర్ లోపల డయోడ్ పోయిందని అనుమానించాలి. లైట్లు మినుకుమంటాయన్నారు కదా, ఇది తప్పకుండా చూడండి, దీనికి రెగ్యులేటర్ మార్చినా ఒరిగేదేమీ ఉండదు.

చార్జింగ్ తక్కువ వచ్చినా సరే రెగ్యులేటర్ జోలికి ఇంకా పోవద్దు. లైట్లన్నీ వేసి, ఇంజిన్ నడుపుతూ, మీటర్ ఒక కొస ఆల్టర్నేటర్ వెనక ఉన్న లావు వైరు బోల్టు మీద, రెండో కొస బ్యాటరీ పాజిటివ్ పోల్ మీద పెట్టండి. అర వోల్టు కంటే ఎక్కువ వస్తే ఆ దారిలో ఎక్కడో వోల్టేజి కాలిపోతోంది. అలాగే ఆల్టర్నేటర్ ఒంటికీ బ్యాటరీ నెగటివ్ పోల్‌కీ మధ్య చూడండి, 0.2 దాటకూడదు. నేను ఈ పని నేర్చుకునే రోజుల్లో ఒకే బండికి వరసగా రెండు రెగ్యులేటర్లు మార్చాను, రెండోది కూడా కంపెనీ లోపమే అనుకుని మూడోది తెప్పించబోయాను. తీరా చూస్తే రెగ్యులేటర్ డబ్బా బిగించిన రెండు స్క్రూల కింద తుప్పు, దానికి ఎర్త్ అందడం లేదు. ఉప్పుకాగితంతో రుద్ది బిగిస్తే మొదటిదే పనిచేసింది. అందుకే ఇంత సాగదీస్తున్నాను.

ఇక ఎక్కడుంటుందంటే, గుర్తుపెట్టుకోవడం కంటే వైరు పట్టుకుని వెళ్లడం మేలు. ఆల్టర్నేటర్ వెనక లావు వైరు ఒకటి బ్యాటరీ వైపు పోతుంది, దాన్ని వదిలేయండి. సన్న వైర్లు ఎటు పోతున్నాయో చూడండి. అవి ఫెండర్ లోపలి రేకు మీదో, రేడియేటర్ పక్క రేకు మీదో, ఇంజిన్ వెనక, క్యాబిన్‌కి అడ్డంగా ఉండే ఫైర్‌వాల్ రేకు మీదో అరచేయంత డబ్బాకి చేరితే అదే రెగ్యులేటర్. అలాంటి డబ్బా ఎక్కడా లేకపోతే అది ఆల్టర్నేటర్ లోపలే ఉంది, లేదా 80ల చివరి నుంచి వచ్చిన డాడ్జ్ అయితే ఇంజిన్ కంప్యూటర్‌లో ఉంది. 60ల తొలి సంవత్సరాల దాకా వచ్చిన బండ్లలో ఆల్టర్నేటర్ బదులు డైనమో ఉంటుంది, దాని రెగ్యులేటర్ డబ్బాలో మూడు కాయిళ్లు, పాయింట్లు (కలుస్తూ విడిపోతూ ఉండే కాంటాక్టులు) కనిపిస్తాయి. మీ బండిలో వోల్ట్ మీటర్ ఉందంటున్నారు కాబట్టి అంత పాతది కాదనుకుంటున్నా.

ఫోర్డ్‌లో 60ల మధ్య నుంచి 80ల దాకా బయటి రెగ్యులేటరే. ప్లగ్ మీద ఐ, ఎ, ఎస్, ఎఫ్ అనే నాలుగు అక్షరాలు ఉంటాయి. ఎ అంటే బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, కీ ఆపినా అక్కడ బ్యాటరీ వోల్టేజి ఉండాలి, లేదంటే ఫ్యూజిబుల్ లింక్ (ఫ్యూజులా పనిచేసే వైరు ముక్క) కాలిందేమో చూడండి. ఎఫ్ అంటే ఆల్టర్నేటర్ ఫీల్డ్‌కి (లోపల తిరిగే అయస్కాంతపు కాయిల్‌కి) పోయేది. డ్యాష్‌బోర్డులో చార్జింగ్ బల్బు ఉన్న బండిలో ఆ బల్బు వైరు ఐ మీదకి వస్తుంది, ఎస్ ఆల్టర్నేటర్ స్టేటర్ (లోపల కదలకుండా ఉండే కాయిల్) నుంచి వస్తుంది. బల్బు బదులు ముల్లు గేజ్ ఉన్న బండిలో ఐ ఖాళీగా ఉంటుంది, కీ వేస్తే కరెంటు ఎస్ మీదకి వస్తుంది. ఇది తెలియక, ఒక వైరు ఊడిపోయిందనుకుని ఖాళీ టెర్మినల్‌కి ఏదో ఒకటి తగిలించేవాళ్లని చూశాను.

పరీక్ష ఇలా. ఇంజిన్ ఆపి, రెగ్యులేటర్ ప్లగ్ పీకి, హార్నెస్ (వైర్ల కట్ట) వైపు ప్లగ్‌లో ఎ నుంచి ఎఫ్‌కి చిన్న వైరు ముక్కతో కలపండి. ఇంజిన్ స్టార్ట్ చేసి బ్యాటరీ మీద మీటర్ పెట్టి కొంచెం రేస్ చేయండి. వోల్టేజి చకచకా పైకి ఎక్కితే ఆల్టర్నేటర్ మంచిదే, రెగ్యులేటర్‌దో దాని ఎర్త్‌దో తప్పు. ఎక్కకపోతే ఆల్టర్నేటర్ బ్రష్‌లు, ఫీల్డ్ వైరు చూడాలి. దీన్ని ఫుల్ ఫీల్డ్ టెస్ట్ అంటారు, అంటే అదుపు చేసేవాడు లేకుండా ఆల్టర్నేటర్‌ని వదిలేయడం, కాబట్టి కొన్ని సెకన్లే. 16 వోల్టుల దాకా పోనివ్వకండి. లైట్లు వేసి ఉంచితే కొంచెం ఆపుతుంది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి "ఆగుతుందా లేదా" చూసే పాత పద్ధతి ఒకటుంది, ఎవరు చెప్పినా చేయొద్దు, డయోడ్లు ఎగిరిపోతాయి, కంప్యూటర్ ఉన్న బండిలో అదీ పోతుంది.

80ల రెండో సగంలో ఫోర్డ్ రెగ్యులేటర్‌ని ఆల్టర్నేటర్ వెనకే బిగించింది. దాన్ని 2జీ అంటారు, లావు వైర్లు బోల్టుతో కాక ప్లాస్టిక్ ప్లగ్‌తో అందులోకి దిగుతాయి, ఆ ప్లగ్ వదులై కరిగిపోవడం, మంటలు రావడం పేరుమోసిన సంగతి. మీది అదే అయితే ప్లగ్ పీకి రంగు చూడండి. గోధుమరంగు తిరిగినా, కరిగినా రెగ్యులేటర్ లెక్క పక్కనపెట్టి ముందు దాని పని చూడండి. చాలామంది తర్వాత వచ్చిన 3జీ ఆల్టర్నేటర్ బిగించుకుంటారు, నా ఓటూ దానికే.

షెవర్లే, జీఎంసీ వాళ్లది 1972 దాకా బయటి రెగ్యులేటర్. 1973 నుంచి పికప్‌లలో 10ఎస్ఐ అనే ఆల్టర్నేటర్ వచ్చింది, రెగ్యులేటర్ లోపలే. దీనంత సుఖంగా చెక్ చేయగలిగింది ఇంకోటి లేదు. వెనక మూతలో ఇంగ్లిష్ డి అక్షరం ఆకారంలో చిన్న కన్నం ఉంటుంది. ఇంజిన్ నడుస్తుండగా అందులోకి సన్న స్క్రూడ్రైవర్ దూర్చి, లోపలి రేకు నాలుకనీ కన్నం అంచునీ ఒకేసారి తాకించాలి. అంగుళం కంటే లోతుకి తోయకండి, అవతల తిరిగే రోటర్ ఉంది. తాకించగానే వోల్టేజి ఎక్కితే రెగ్యులేటర్ పోయినట్టే, ఎక్కకపోతే తప్పు వేరే చోట ఉంది. దానికంటే ముందు పక్కనున్న రెండు పిన్నుల ప్లగ్ చూడండి. రెండో నంబరు పిన్నులో ఎప్పుడూ బ్యాటరీ వోల్టేజి ఉండాలి, ఒకటో నంబరులో కీ వేసినప్పుడు బల్బు గుండా కరెంటు రావాలి. డ్యాష్‌బోర్డులో ఆ బల్బు మాడిపోయినా కొన్ని బండ్లలో ఐడిలింగ్‌లో చార్జింగ్ మొదలవదు, గట్టిగా రేస్ చేస్తే అప్పుడు అందుకుంటుంది. ముందు బల్బు చూడాలని చాలామందికి తోచదు.

డాడ్జ్‌లో 70ల నుంచి ఫైర్‌వాల్ మీద ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్, మూడు మూలల ప్లగ్, దానికి రెండే వైర్లు. నీలం కీ నుంచి వచ్చే కరెంటు, ఆకుపచ్చ ఫీల్డ్ వైరు. ఇక్కడ పద్ధతి ఫోర్డ్‌కి తలకిందులు: ఫీల్డ్ కాయిల్ ఒక కొసకి కీ నుంచి పాజిటివ్ అందుతుంది, రెండో కొసని రెగ్యులేటర్ ఎర్త్ చేసి అదుపు చేస్తుంది. కాబట్టి ఫుల్ ఫీల్డ్ టెస్ట్‌కి ప్లగ్ పీకి ఆకుపచ్చ వైరుని ఎర్త్‌కి తాకించాలి. పొరపాటున నీలాన్ని ఎర్త్ చేస్తే ఏదో ఒకటి మాడుతుంది.

డాడ్జ్‌లో నాకు బాగా నచ్చే చిక్కు ఒకటుంది. ఈ రెగ్యులేటర్ బ్యాటరీ వోల్టేజిని నేరుగా చూడదు, ఆ నీలం వైరులో ఎంత ఉందో అదే బ్యాటరీ అనుకుంటుంది. ఆ వైరు ఇగ్నిషన్ స్విచ్ గుండా, ఫైర్‌వాల్ కనెక్టర్ గుండా తిరిగి వస్తుంది, యాభై ఏళ్ల కనెక్టర్‌లో ఒక వోల్టు కాలిపోతే రెగ్యులేటర్ "అయ్యో తక్కువుంది" అని ఆ ఒక వోల్టు అదనంగా పంపిస్తుంది. బ్యాటరీ మీద చూస్తే 15 పైన. అందరూ రెగ్యులేటర్ మార్చేస్తారు, కొత్తదీ అంతే పంపిస్తుంది. కీ వేసి బ్యాటరీ పాజిటివ్‌కీ నీలం వైరుకీ మధ్య మీటర్ పెట్టండి, 0.3 దాటితే మీ దొంగ రెగ్యులేటర్ కాదు. 80ల చివర్లో ఈ పని కంప్యూటర్‌లోకి పోయింది. అందులో ఆ భాగం చెడిపోతే కంప్యూటర్ మొత్తం మార్చకుండా, పాత తరహా బయటి రెగ్యులేటర్ ఒకటి తగిలించి నడిపేవాళ్లు చాలామంది ఉన్నారు, సరిగ్గా వైరింగ్ చేస్తే పనిచేస్తుంది.

డ్యాష్‌బోర్డు వెనకది రెండు ముక్కల్లో చెప్తాను. పాత ఫోర్డ్, డాడ్జ్‌లలో గేజ్‌లు 12 వోల్టులతో నడవవు, ఈ చిన్న డబ్బా కరెంటుని ఆపుతూ వదులుతూ సగటున 5 వోల్టులు ఇస్తుంది. ఫ్యూయల్, టెంపరేచర్ ముళ్లు రెండూ ఒకేసారి అబద్ధం చెప్తున్నాయంటే ఇదే అనుకోండి. డిజిటల్ మీటర్ పెడితే అంకెలు గంతులేస్తాయి, టెస్ట్ ల్యాంప్ పెడితే వెలుగుతూ ఆరుతూ ఉండాలి, ఆగకుండా వెలుగుతుంటే పాయింట్లు అతుక్కుపోయాయి, గేజ్‌లు కాలకముందే మార్చండి. షెవర్లేలో ఈ గొడవ లేదు, వాళ్ల గేజ్‌లు నేరుగా 12 మీదే నడుస్తాయి.

కరెంటు సంగతి తేలాక పెట్రోల్ వైపు రండి. ఇంజిన్ చల్లారాక చేయండి, బయట గాలి ఆడే చోట చేయండి, మంటలార్పే సిలిండర్ చేతికి అందేలా పెట్టుకోండి, వేడెక్కే బల్బు దీపం వేలాడదీయకండి. ఇంజెక్షన్ బండిలో ఇంజిన్ ఆపి గంట అయినా పైపులో ప్రెషర్ ఉండొచ్చు, గుడ్డ చుట్టకుండా ఏ నట్టూ విప్పొద్దు.

కార్బ్యురేటర్ బండి అయితే సాధారణంగా ఫ్యూయల్ రెగ్యులేటరే ఉండదు, ఇంజిన్ పక్కన ఉండే మెకానికల్ పంపు స్ప్రింగే ప్రెషర్‌ని నిర్ణయిస్తుంది, 4 నుంచి 7 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) మధ్య. పాత యజమాని ఎలక్ట్రిక్ పంపు పెట్టి ఉంటేనే పంపుకీ కార్బ్యురేటర్‌కీ మధ్య డయల్ ఉన్న చిన్న రెగ్యులేటర్ కనిపిస్తుంది. పైపు మధ్యలో టీ ఆకారపు కనెక్టర్ పెట్టి గేజ్ చూడండి, 7 దాటుతుంటే కార్బ్యురేటర్ లోపలి ఫ్లోట్ నీడిల్ ఆపలేక పెట్రోల్ పొంగుతుంది, వేడి మీద స్టార్టింగ్ ఇబ్బంది అక్కడి నుంచే.

1987 నుంచి 1995 దాకా షెవర్లే వీ8లలో ఎక్కువగా టీబీఐ, అంటే ఎయిర్ క్లీనర్ విప్పగానే కనిపించే థ్రాటిల్ బాడీ మీద రెండు ఇంజెక్టర్లు. రెగ్యులేటర్ ఆ థ్రాటిల్ బాడీకే బిగించి ఉంటుంది, స్ప్రింగ్, డయాఫ్రమ్ (వంగే పల్చటి పొర), అంతే. ప్రెషర్ 9 నుంచి 13 పీఎస్ఐ. ఇంత తక్కువ ప్రెషర్‌తో నడిచే వ్యవస్థలో ఒకటి రెండు పీఎస్ఐ తేడా కూడా బండి నడకలో తెలుస్తుంది, కాబట్టి 100 దాకా అంకెలున్న గేజ్ పెట్టి లాభం లేదు, 15 లేదా 30 దాకా చూపేది తీసుకోండి.

ఫోర్డ్‌లో 80ల మధ్య నుంచి ఒక్కొక్క ఇంజిన్‌గా మల్టీపోర్ట్ ఇంజెక్షన్ (సిలిండర్‌కో ఇంజెక్టర్) వచ్చింది. రెగ్యులేటర్ ఫ్యూయల్ రెయిల్ (ఇంజెక్టర్లకి పెట్రోల్ పంచే గొట్టం) మీద గుండ్రటి డబ్బాలా ఉంటుంది, నెత్తిన ఇంజిన్ ఇన్‌టేక్‌కి పోయే సన్నటి వాక్యూమ్ పైపు. రెయిల్ మీదే సైకిల్ ట్యూబ్ వాల్వు లాంటి ష్రేడర్ వాల్వ్ ఉంటుంది, గేజ్ అక్కడే. కీ వేసి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా చూస్తే 35 నుంచి 45 మధ్య, ఐడిలింగ్‌లో 30 దగ్గర. వాక్యూమ్ పైపు పీకితే 8 నుంచి 10 పీఎస్ఐ వరకు పెరగాలి, పెరగకపోతే డయాఫ్రమ్ పనిచేయట్లేదు, లేదా ఆ పైపులో వాక్యూమే లేదు. పీకిన పైపు వాసన చూడండి, లోపల తడి ఉందేమో చూడండి. పెట్రోల్ తగిలితే ఇంకే పరీక్షా అక్కర్లేదు, డయాఫ్రమ్ చిరిగింది, ఇంజిన్ ఆ పైపు గుండా పెట్రోల్ తాగుతోంది. వేడి మీద స్టార్ట్ కాకపోవడం, వాసన, నల్ల పొగ మూడూ దానివల్లే వస్తాయి. మీ లక్షణాలు చూస్తే పెట్రోల్ వైపు నేనైతే ముందు ఈ పైపే పీకుతాను, అర నిమిషం పని. తడి ఉంటే ఆయిల్ డిప్‌స్టిక్ కూడా వాసన చూడండి, ఆయిల్‌లో పెట్రోల్ కలిసి ఉంటే ఆయిల్ మార్చకుండా బండి నడపొద్దు.

టయోటా 22ఆర్‌ఈ ఇంజిన్‌కి కూడా రెగ్యులేటర్ రెయిల్ చివరే, కానీ ష్రేడర్ వాల్వ్ ఉండదు, కోల్డ్ స్టార్ట్ ఇంజెక్టర్ పైపు దగ్గర గేజ్ తగిలించాలి. వాక్యూమ్ పైపు పీకి చూస్తే 38 నుంచి 44 రావాలి.

ఇక కనపడని చోట ఉండేవి. 1996 నుంచి వచ్చిన షెవర్లే వోర్టెక్ ఇంజిన్లలో (4.3, 5.0, 5.7) రెగ్యులేటర్ ఇన్‌టేక్ పై భాగం లోపల ఇంజెక్టర్ గుత్తితో పాటే ఉంటుంది, పై మూత విప్పితే గానీ కనిపించదు. ఇవి 60 నుంచి 66 పీఎస్ఐ అడుగుతాయి, 50ల్లోకి దిగితే స్టార్ట్ కావడానికి మొరాయిస్తాయి. లోపల కారుతోందో లేదో తెలియాలంటే మూత తీసి చూడండి, అంతా మసి పట్టి ఒక్కచోట మాత్రం కడిగినట్టు మెరుస్తుంటే కారేది అక్కడే. 90ల రెండో సగం డాడ్జ్ రామ్‌లలో అయితే రెగ్యులేటర్ ట్యాంకు మీద పంపు మాడ్యూల్‌కే ఉంటుంది, మిగిలిన పెట్రోల్‌ని ట్యాంకుకి తిప్పి పంపే రిటర్న్ పైపు బోనెట్ దాకా ఉండదు, ప్రెషర్ 49 దగ్గర. బోనెట్ కింద ఎంత వెతికినా దొరకదు.

వేడి మీద స్టార్టింగ్ ఇబ్బందికి చివరి పరీక్ష ఇది. ఇంజిన్ ఆపి గేజ్ చూస్తూ ఉండండి. ప్రెషర్ నిమిషాల్లో పడిపోతుంటే మళ్లీ పంపు తిప్పి ప్రెషర్ తెచ్చి, ఈసారి ఆపగానే రిటర్న్ పైపు రబ్బరు ముక్కని క్లాంపుతో నొక్కండి. నిలబడితే కారేది రెగ్యులేటర్ గుండానే. నిలబడకపోతే అలాగే ఇంకోసారి ప్రెషర్ తెచ్చి ట్యాంకు నుంచి వచ్చే పైపు నొక్కండి, నిలబడితే తప్పు పంపులో, పెట్రోల్ వెనక్కి పోకుండా ఆపే చెక్ వాల్వ్‌ది. రెండూ నొక్కినా పడిపోతుంటే ఇంజెక్టర్ ఏదో కారుతోంది. నడుస్తున్నప్పుడు ప్రెషర్ తక్కువగా ఉంటే కూడా రిటర్న్‌ని ఒక్క సెకను నొక్కి చూడొచ్చు, ముల్లు ఎగబాకితే పంపు మంచిదే, రెగ్యులేటర్ ఆపలేకపోతోంది. అంతకంటే ఎక్కువసేపు నొక్కితే పాత పైపులు పగులుతాయి. ఫోర్డ్‌లో చాలా పైపులు నైలాన్‌వి, వాటిని అసలు నొక్కకండి, చీలిపోతాయి. మధ్యలో ఇంజెక్షన్ ప్రెషర్‌కి తట్టుకునే రబ్బరు పైపు ఉన్న గేజ్ అడాప్టర్ పెట్టుకుని దాన్ని నొక్కండి. మామూలు కార్బ్యురేటర్ పైపు వేయొద్దు.

రెండు ట్యాంకులున్న ఫోర్డ్ అయితే ఇంకో తమాషా: ఒక ట్యాంకు పెట్రోల్ ఇంకో ట్యాంకులోకి పోయి పొంగుతుంటే అది రెగ్యులేటర్ కాదు, ట్యాంకులోని పంపు యూనిట్‌లో ఉండే చిన్న వాల్వ్. అలాగే ఏదైనా గట్టి కుదుపు తర్వాత పంపు చప్పుడే వినిపించకపోతే ప్యాసింజర్ కాళ్ల దగ్గర ఇనర్షియా స్విచ్ (గట్టిగా కుదిపితే పంపు ఆపేసేది) బటన్ ఎగిరి ఉంటుంది, నొక్కితే చాలు.

మీ విషయంలో నేను చేసే వరస: బ్యాటరీ అంకెలు, లావు వైరు, ఎర్త్, తర్వాత పంపు ప్లగ్ దగ్గర వోల్టేజి (బ్యాటరీ కంటే ఒక వోల్టు మించి తగ్గకూడదు), ఆ తర్వాత వాక్యూమ్ పైపు, చివర గేజ్. బండి మోడల్, ఇంజిన్ సైజు, ఈ అంకెలు రాసి పెట్టండి. ముఖ్యంగా ఐడిలింగ్‌లో లైట్లు వేసినప్పుడు బ్యాటరీ మీద ఎంత, లైట్లు ఆపితే ఎంత, ఆ రెండూ కావాలి.